మామూలత్త మాట

పొద్దున తలుపు తీసేసరికి గుమ్మం ముందు ఎవరో ఒకరు ఉండేవాళ్లు. నడుం పట్టేసినవాళ్లు, పన్ను సలుపుతున్నవాళ్లు. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఎక్కడ నొప్పో విని, "మామూలే" అనేది. నొప్పి పోయేది. అందుకే వీధంతా ఆవిడని మామూలత్త అనేది. ఎలా పోయిందని ఎవరూ అడిగేవాళ్లు కాదు, పనికి ఆలస్యమవుతుందని పరుగు తీసేవాళ్లు.

కోడలు బట్టలు కుట్టేది. మాటల పుట్ట. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకుని కూడా కబుర్లు ఆపేది కాదు. కాన్పయిన తొమ్మిదో రోజున తల పగిలిపోతోందంది. కళ్లు మసకేసి సూదిలోకి దారం ఎక్కడం లేదని కూడా అంది. ఆసుపత్రికి తీసుకెళ్తానని కొడుకు చెప్పులు వేసుకున్నాడు. అత్తకి నవ్వొచ్చింది. నిద్రలేని బాలింతకి తలనొప్పి రాక ఏమొస్తుంది? తన మాట తను అనేసింది. నొప్పి ఇట్టే పోయింది. కొడుకు చెప్పులు విడిచేశాడు.

మర్నాడు మధ్యాహ్నం పాలిస్తూ పాలిస్తూనే కోడలు కొయ్యలా బిగుసుకుపోయింది. మెదడులో రక్తం గడ్డ కట్టిందని ఆసుపత్రిలో చెప్పారు.

"ముందు తలనొప్పి రాలేదా?" అని అడిగింది డాక్టరమ్మ.

"వచ్చింది. నేనే పోగొట్టాను."

డాక్టరమ్మ స్కాను కాగితం ఆవిడ ముందు పెట్టింది. "నొప్పి పోయింది, గడ్డ పోలేదమ్మా. నిన్ననే తీసుకొచ్చి ఉండాల్సింది."

ఇంటికొచ్చాక కోడలి కుడిచెయ్యి లేవలేదు. అన్ని మాటల్లో ఒక్కటే మిగిలింది. ఆకలేసినా, ఏడుపొచ్చినా, భర్తని పిలవాలన్నా "మామూలే" అనేది. అలా అన్నప్పుడల్లా బిడ్డ కడుపునొప్పి తగ్గిపోయేది. అత్తకి మాత్రం ఆ మాట అనబోతే నాలుక మడతపడేది. వీధిలోవాళ్లు ఇప్పుడు కోడలి మంచం దగ్గరికి వెళ్తున్నారు. అది చూసి అత్త వంటింట్లో కూర్చుని ఏడ్చేది.

ఒకరోజు ఇస్త్రీ బండి అతని కూతురు పన్నెండు రోజుల బిడ్డనెత్తుకుని వచ్చింది. తల పగిలిపోతోందని, కళ్లు మసకేస్తున్నాయని చెప్పింది. ఆసుపత్రికి పద అంటూ అత్త చెప్పులు వెతుక్కుంది.

మంచం మీద కోడలు కూడా విన్నది. కళ్ల నీళ్లతో, ఎడమచేత్తో వీధి వైపు చూపిస్తూ, తనకి మిగిలిన ఆ ఒక్క మాటతోనే ఆ పిల్లని తొందరపెట్టింది.

"మామూలే. మామూలే. మామూలే."

ఆ పిల్ల మొహం తేటపడింది. బిడ్డని భుజాన వేసుకుని గుమ్మం దిగింది. అత్త ఒంటి చెప్పుతో వెంటపడి చెయ్యి పట్టుకుంది.

"పోలేదే తల్లీ, నా మాట విను, పోలేదు."

"నొప్పే లేదు కదత్తా," అని నవ్విందా పిల్ల. "ఆసుపత్రికెళ్లి ఏమని చెప్పను?"