రంగు తెచ్చే మందు

అక్కకి బొల్లి మొదట పెదవి అంచున కనిపించింది. చూస్తుండగానే మెడకీ చేతులకీ పాకింది. దాంతో ఆమె పగటిపూట వీధి మొహం చూడటం మానేసింది. తల్లి పోయాక చిట్టిని సాకిన అక్క, ఇప్పుడు ఆమెతో కూడా తలుపు చాటునుంచే మాట్లాడేది.

చిట్టి మందుల పరీక్షాశాలలో పనిచేసేది. అక్కడికో కొత్త మందొచ్చింది. అది మింగి అతినీలలోహిత దీపం కింద కూర్చుంటే చర్మానికి రంగు తిరిగొస్తుందట. మనుషులకిచ్చే ముందు గినీపందుల మీద చూడాలి. ఆ పని చిట్టి అడిగి మరీ తీసుకుంది. అక్కతో కూడా చెప్పేసింది, ఆపుకోలేక.

మందు తిని చీకటి గదిలో ఉన్న గినీపందులు నిక్షేపంగా ఉన్నాయి. మందు లేకుండా దీపం కింద ఉన్నవీ అంతే. రెండూ కలిసినవాటికే ముప్పొచ్చింది. చెవులు కందిపోయి బొబ్బలెక్కాయి. ఆ తర్వాత కళ్ళకి పొరలు కమ్మాయి. చిట్టి గడ్డిపరక అందిస్తే ఒకటి మూతి ఇంకెటో చాపింది.

సాయంత్రం చిట్టి అక్కింటి గుమ్మంలో అడుగు పెట్టిందో లేదో, "ఏమే, పనిచేస్తోందా?" అంది అక్క.

"ఈ మోతాదు పనికిరాదక్కా. కళ్ళు పోతున్నాయి."

"నల్లకళ్ళద్దాలు పెట్టుకుంటాలే. నాలుగు మాత్రలు తెచ్చిపెట్టు. ఒళ్ళు నాది."

"చేతులారా నీకివ్వలేను."

"నీకేం, నున్నటి మొహందానివి! ఎన్నైనా చెబుతావు."

తలుపు ధడాలున మూసుకుంది.

చిట్టి ఉన్నదున్నట్టు రాసిచ్చింది. ఆ మోతాదుతో పరీక్ష ఆపేశారు. అక్క ఫోనెత్తడం మానేసింది. ఇంట్లో ఏ పని చేస్తున్నా చిట్టి చెవి ఫోను మీదే ఉండేది.

చివరికి అక్కే చేసింది. పలకరింపూ లేదు, పాడూ లేదు.

"ఆ చూపు పోయినవాటికి తిండెవరు పెడుతున్నారే?"

"నేనే."

"నోటికందించు. పాపం, తడుముకోనివ్వకు." గొంతు తగ్గించి, "వస్తావా?" అంది.

చిట్టి రెక్కలు కట్టుకుని వాలింది. అక్క ఆమెని మోకాళ్ళ ముందు కూర్చోబెట్టుకుని చిక్కు తీయడం మొదలెట్టింది.

"మోతాదు తగ్గించి మళ్ళీ చూస్తున్నాం," అంది చిట్టి.

"ఎప్పటికైనా రంగొస్తుందంటావా?"

"ఏమో అక్కా."

దువ్వెన ఒక్క క్షణం ఆగి, మళ్ళీ మెల్లగా కదిలింది.