పెద్దబాకాకి ఊపిరి

“ఆపండయ్యా ఊదడం! మనిషి పడిపోయాడు!”

బ్యాండు మాస్టారి వదినగారి కేక వీధి చివరి మందుల షాపుదాకా వినిపించింది. ఇంటి వెనక షెడ్డులో రోజూ సాయంత్రం జరిగే సాధనే అది. పెద్దబాకా ఊదే అన్నయ్య కుర్చీలోంచి జారి నేలమీద పడ్డాడు. ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డ తమ్ముడు, అంటే మన బ్యాండు మాస్టారు, అలాగే బిగుసుకుపోయాడు.

మాస్టారంటే మామూలు మనిషా! బడిపిల్లల బ్యాండుతో మొదలెట్టి, ఫ్యాక్టరీ బ్యాండుకి పాటలు కట్టి, పేరున్న బ్యాండ్లన్నీ తన పాటలే వాయించేదాకా ఎదిగాడు. ఊదేవాళ్లు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పాట కాగితం మీద చిన్న టిక్కు పెడతారు కదా. ఈయన టిక్కు పెట్టి చెయ్యెత్తాడా, బ్యాండుతోపాటు వీధి వీధంతా ఊపిరి తీసుకునేది. కిటికీ తెరలు లోపలికి పీల్చుకుపోయేవి. ఇస్త్రీ అతను పెట్టె పైకెత్తి, గుండెనిండా పీల్చి, మళ్లీ దించేవాడు. ఎవరి పని వాళ్లదే.

ఒక్క పెద్దబాకా వరసలోనే టిక్కులుండవు. పునాదిలాంటి ఆ కింది మోత తెగితే పాట కూలిపోతుందంటాడు మాస్టారు. “అన్నయ్యకేం, ఏనుగు!” అనేవాడు. ఆయనకు పేరు తెచ్చిందీ ఆ తెగని మోతే. పాపం అన్నయ్య, తమ్ముడు అటు తిరిగినప్పుడు దొంగచాటుగా ఓ గుక్క పీల్చుకునేవాడు.

ఇప్పుడు ఆ గుక్కే అందడం లేదు. పెదాలు నల్లబడుతున్నాయి. కబురు పెట్టిన డాక్టరు ఇంకా దారిలోనే ఉన్నాడు.

“ఊరందరికీ ఊపిరి రాశావు,” అంది వదిన, మొగుడి తల ఒళ్లో పెట్టుకుని. “మీ అన్నకెందుకు రాయలేదయ్యా?”

మాస్టారు ఖాళీ కాగితం తీసుకుని స్వరమన్నది లేకుండా ఒట్టి టిక్కులే పెట్టాడు. చెయ్యెత్తాడు.

బ్యాండు పీల్చింది, వీధి పీల్చింది. అన్నయ్య ఛాతీ లేచింది. చెయ్యి వాలింది, ఛాతీ వాలింది. మళ్లీ లేచింది. డాక్టరొచ్చి, తనూ ఆ లెక్కలోనే పీలుస్తూ, సూది వేశాడు. “గండం గడిచింది. బాకా మాత్రం కొన్నాళ్లు మూలన పెట్టండి,” అన్నాడు.

మాస్టారి చెయ్యి మాత్రం ఆగలేదు.

అన్నయ్య కళ్లు తెరిచాడు. “ఒరేయ్, ఇంకెంతసేపురా? గాలికే కడుపు నిండిపోయేట్టుంది.”

“ఆపితే నువ్వు...” అన్నాడు మాస్టారు, చెయ్యి ఆడిస్తూనే.

వదిన లేచి వచ్చి, ఆయన మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించింది.

తెరలు కదల్లేదు. అందరూ అన్నయ్య ఛాతీకేసే చూస్తున్నారు. కాస్త ఆలస్యంగా, కాస్త వంకరగా, అది తనంతట తనే లేచింది.

“తాళం తప్పాడు మాస్టారూ,” అన్నాడు డోలు అతను కళ్లు తుడుచుకుంటూ.

“తప్పనీరా,” అన్నాడు మాస్టారు. “తప్పనీ.”

“ఇక లేవండి. కూర చల్లారిపోయింది,” అంది వదిన. వాద్యాలు గోడవారగా చేరాయి. అన్నయ్యని దిండుకి ఆనించి కూర్చోబెట్టారు. ఆయన పక్కన మాస్టారు, డాక్టరు, బ్యాండు వాళ్లు, వడ్డించడం అయ్యాక వదిన కూడా, అందరూ కంచాల ముందు కూర్చున్నారు.