దగ్గుల జాబితా

పొద్దున షిఫ్టు కూత పడినా మిల్లు గేటు సగమే తెరుచుకుంది. సూపర్‌వైజరు స్టూలెక్కి, జేబులోంచి కాగితం తీసి విప్పాడు.

"నేను ఎవర్ని చదివితే వాళ్ళు పక్కకి జరగండి. కుళాయి పక్కింటి అత్త. కుళాయి పక్కింటి కోడలు. మెట్లింటి పొడుగాయన. వాళ్ళ కిందివాటా అన్నదమ్ములిద్దరూ..."

గుడ్డ మాస్కులు పంచడానికి సంచి పట్టుకుని వచ్చిన టైలరమ్మ అక్కడే ఆగిపోయింది. మనుషుల్ని అలా ఇళ్ళ గుర్తులతో రాసిన కాగితం లోకంలో ఒక్కటే ఉంది. దాన్ని రాసింది ఆవిడే.

"మీకందరికీ దగ్గుంది. జబ్బు మనుషులకి మిల్లులో పనిలేదు. యజమానిగారు జాలిపడి ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోమన్నారు" అన్నాడు సూపర్‌వైజరు. మొత్తం ఇరవైముగ్గురు గేటు బయటే మిగిలారు.

అది పలుగురాయిని పిండికొట్టే మిల్లు. ఆ పిండి ఊపిరితిత్తుల్లో చేరితే ఇక బయటికి రాదు. ప్రార్థన మందిరం సేవాబృందం వైద్యశిబిరం పెడదామనుకుని, పదిహేను రోజులు ఇల్లిల్లూ తిరిగింది. పేరు చెప్పాలంటే జనం భయపడ్డారు. "పేర్లొద్దు, ఏ ఇల్లో చెప్పండి చాలు" అని ఆ బృందంలో ఉన్న టైలరమ్మే ఉపాయం కనిపెట్టింది. మందిరం పెద్ద ఆ జాబితా తీసుకుని, మందులకి సాయం అడుగుదామని నేరుగా మిల్లు యజమాని దగ్గరికే వెళ్ళాడు. ఎందుకెళ్ళాడంటే, మందిరానికి పైకప్పు వేయించిన ధర్మాత్ముడు ఆయనే మరి! మంచివాళ్ళమని మనకి మనమే అనుకుంటే ఇలాంటి తెలివితక్కువ పనులే చేస్తాం.

టైలరమ్మ మొహం చాటెయ్యలేదు. ఆ సాయంత్రమే కుళాయి దగ్గరికి వెళ్ళి, బిందెల మధ్య నిలబడి, "ఆ కాగితం నేనే రాశానత్తా" అని చెప్పేసింది.

కుళాయత్త ఒంటికాలి మీద లేచింది. "పేర్లొద్దన్నావు! ఇల్లు చెప్తే చాలన్నావు! నాకూ కోడలికీ ఒకేసారి పొట్టకొట్టావు కదే! ఏడవకు, ముందే చెప్తున్నా. నువ్వేడిస్తే నిన్ను ఓదార్చే పని కూడా మా నెత్తినే పడుతుంది."

టైలరమ్మ కళ్ళు తుడుచుకుంది.

"మీ మందిరం వాళ్ళు దుప్పట్లిచ్చారు, బిస్కెట్లిచ్చారు" అన్నాడు పొడుగాయన. మాటకొక దగ్గు దగ్గుతున్నాడు. "ఏనాడైనా మాకేం కావాలో అడిగారా తల్లీ?"

"ఇప్పుడడుగుతున్నానన్నా. ఏం కావాలి?"

"పని కావాలి. పిండి లేవకుండా నీళ్ళు చల్లే యంత్రం కావాలి. ఇస్తుందా మీ మందిరం?"

"మందిరం ఎక్కడిస్తుంది? మిల్లే ఇవ్వాలి. అడగడానికి మేమూ వస్తాం."

"మేమూ అంటే ఎంతమంది?"

టైలరమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టబోయింది. అత్త పకపకా నవ్వింది. ఆ నవ్వు తిట్టుకంటే ఎక్కువ తగిలింది. "అయితే మీరే వచ్చి మావాళ్ళకి చెప్పండి" అంది టైలరమ్మ, ఉక్రోషంగా.

వచ్చారు. ప్రార్థన అయ్యాక జరిగే సమావేశంలో ఇరవైముగ్గురూ వెనక గోడ వారగా నిలబడ్డారు. మందిరం పెద్ద మైకు పట్టుకుని, తలా ఒక బియ్యం బస్తా ఇస్తామని ప్రకటించాడు.

"వాళ్ళ కొంపలకి నిప్పు పెట్టింది మనం, పెద్దాయన గారూ!" టైలరమ్మ లేచింది. "బస్తాలిచ్చి చేతులు దులుపుకుందామా?"

"మనం సేవ చెయ్యడానికున్నాం. గొడవలకి కాదు. కప్పు వేయించిన మనిషిని ఎదిరిస్తామా?"

ముందు వరసలోంచి నర్సమ్మ అడిగింది. ఆస్పత్రిలో ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరైన మనిషి, ఎవరికీ జంకదు. "ఆయన కప్పు వేసింది మందిరానికా, మన నోళ్ళకా?"

జనంలో నవ్వులు. "నాస్తికపు మాటలు!" అని ఒకరు, "నిజం మాటలు!" అని ఇంకొకరు. కుర్చీలు కదిలాయి. పెద్దాయన భార్య, ఎన్నడూ సభలో నోరు విప్పని పెద్దమ్మ, భర్తవైపు తిరిగింది. "ఆ కాగితం మీరే ఇచ్చారా?"

"మంచికే ఇచ్చాను."

"మీ మంచి వాళ్ళకి చెడయ్యింది కదండీ" అని పెద్దమ్మ మళ్ళీ కూర్చుంది. ఆయన మైకు కింద పెట్టేశాడు.

అప్పుడు కుళాయత్త ముందుకొచ్చింది. "బియ్యం మాకొద్దు. శిబిరం పెడతామన్నారుగా, పెట్టండి. ఇక్కడ కాదు, మిల్లు గేటు ముందు. మేం ఇరవైముగ్గురమేనా దగ్గేది? లోపల మూడొందలమందీ దగ్గుతున్నారు! అందరిదీ రాయండి. ఎంతమందిని తీసేస్తాడో చూద్దాం!"

ఓటు పెట్టలేదు. చేతులెత్తమనలేదు. పెద్దాయన వద్దు వద్దంటున్నా, సగం మందిరం లేచి బల్లలు మొయ్యడం మొదలుపెట్టింది.

మర్నాడు గేటు ముందు మూడు బల్లలు వేశారు. నర్సమ్మ ఛాతీ వింటుంది, టైలరమ్మ రాస్తుంది. షిఫ్టుకి వచ్చినవాళ్ళు దూరంగా నిలబడి చూశారు. అరగంట గడిచినా ఒక్కరూ రాలేదు.

చివరికి బస్తాలు మోసే మోటు మనిషి ఒకడు, జాబితాలో లేనివాడు, వచ్చి బల్లమీద చెయ్యేశాడు. "రాయమ్మా. ఇంటి గుర్తు కాదు, నా పేరే రాయి. దగ్గు ఈ మిల్లు పిండి వల్లే వచ్చిందని కూడా రాయి. వేలిముద్ర నేనేస్తా."

అంతే! ఒకరి వెనక ఒకరు, వరస రోడ్డు మలుపు దాకా సాగింది. లోపలికి ఒక్కరూ పోలేదు. రాత్రి షిఫ్టువాళ్ళు కూడా బయటికొచ్చి వరసలో కలిశారు. రాళ్ళు పోసేవాళ్ళు లేక మిల్లు ఆగిపోయింది. ఆ మోత ఆగాక అప్పుడు వినిపించింది దగ్గు. ఇన్నేళ్ళూ యంత్రం మోతలో మునిగిపోయిన మూడొందలమంది దగ్గు. మందిరం నుంచి వచ్చినవాళ్ళు తలలు దించుకున్నారు.

"ఇరవైముగ్గురినీ పనిలోకి తీసుకో!"

"నీళ్ళ యంత్రం పెట్టు!"

జీపులో ఇన్‌స్పెక్టరు వచ్చాడు. వెనకే సూపర్‌వైజరు, కాస్త దూరంలో మందిరం పెద్ద.

"ఈ కాగితాలు ఎవరు రాస్తున్నారు?"

"నేనే" అంది టైలరమ్మ. "మొదటిది తెలియక రాశాను. ఇది తెలిసే రాస్తున్నాను."

"ఆవిడ చేత మేమే రాయించాం!" కుళాయత్త బల్లకి అడ్డంగా నిలబడింది. "తీసుకెళ్తే అందర్నీ తీసుకెళ్ళు. నీ జీపు చాలదు, లారీ తెప్పించుకో!"

నలుగురు పోలీసులు టైలరమ్మని లాక్కెళ్ళి జీపెక్కించారు. అత్త చీరకొంగు చిరిగింది, అయినా జీపు వెనకాలే అరుస్తూ పరిగెత్తింది. రాసిన కాగితాలు అప్పటికే నర్సమ్మ సంచిలో ఉన్నాయి. బల్ల దగ్గర కుర్చీ ఖాళీ. వరసలో జనం ఒక అడుగు వెనక్కి వేశారు.

పెద్దమ్మ వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. కింద పడ్డ కలం తీసి కొంగుతో తుడిచింది.

"నీకేమైనా పిచ్చా? లే, ఇంటికి పద!" అన్నాడు పెద్దాయన.

పెద్దమ్మ ఆయన పక్కనుంచి తొంగిచూసి వరసకేసి కేకేసింది.

"తర్వాతెవరు నాయనా? పేరు చెప్పు."