ఓడకు ఆఖరి స్టాపు

మా బావ బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. మా మేనకోడలు పట్టుబట్టి అక్కనీ, బావనీ, ఇంట్లో ఖాళీగా ఉన్నాను గనక నన్నూ ఓ విలాసాల ఓడ ఎక్కించింది. ఆ ఓడ ఎంత పెద్దదంటే, ఈ కొసన గడ్డం గీసుకుని ఆ కొసకి భోజనానికి వెళ్లేసరికి నాకు మళ్లీ గడ్డం పెరిగేది. నమ్మకపోతే మా అక్కనడగండి. ఆవిడా నమ్మదు.

బావకి మాత్రం అదీ బస్సే. దారికడ్డంగా నిలబడ్డ దొరబాబుల్ని లోపలికి జరగమనేవాడు. మెత్తటి సోఫాలుండగా తలుపు పక్కన కడ్డీ పట్టుకుని నిలబడేవాడు. పరువు తీస్తున్నాడని అక్క నెత్తి కొట్టుకునేది.

ఒక మధ్యాహ్నం, సరిగ్గా భోజనాల వేళ, ఓడ రాతిగుట్టకి గుద్దుకుంది. నా ఐస్‌క్రీం గిన్నె బల్లమీద జారుకుంటూ వెళ్లి పక్కాయన ఒళ్లో కూర్చుంది. ఓడ ఓ పక్కకి ఒరిగింది. అందర్నీ చిన్న పడవల్లోకి దిగమని మైకులో చెప్పారు, లైఫ్ జాకెట్లు తొడిగారు. బావ అక్కని చెయ్యి పట్టుకుని, నన్ను మెడ పట్టుకుని పడవలో కూర్చోబెట్టాడు. తీరా చూస్తే తను లేడు.

ఎక్కడికెళ్లాడో మాకు తెలుసు. ఆఖరి స్టాపులో అందరూ దిగాక, బస్సు చివరిదాకా నడిచి, సీట్ల కింద వంగి చూసి, నిద్రపోయినవాణ్ణి తట్టిలేపి గానీ బావ ఏనాడూ కిందికి దిగలేదు. మరి ఈ ఓడకి ఎన్ని గదులో!

పడవ నడిపేవాడు మంచివాడే. ఒక్కరి కోసం ఇంతమందిని ఆపలేనని చెప్పి తాళ్లు వదలబోయాడు. నేను గొంతు చించుకుని పిలిచాను. మైకులోనూ పిలిచారు. ఓడ కూడా పెద్దగా కూత పెట్టింది. పనిలో ఉండగా పిలిస్తే పలికే మనిషైతేగా! నాకొచ్చిన హాస్యాలన్నీ మరిచిపోయాను.

"ఆయన లేకుండా నేను కదలను, తమ్ముడూ" అంటూ అక్క లేవబోయింది. అప్పుడు కంటబడింది, జాకెట్‌కి వేలాడుతున్న విజిల్. నోట్లో పెట్టుకుని పొట్టిగా రెండుసార్లు ఊదింది. రెండు విజిళ్లంటే బండి కదలమని.

కండక్టరు ఎక్కకుండానే బండి కదలడమా! లోపలెక్కడో తలుపు దబ్బుమంది. చంకలో ఎవరిదో గొడుగుతో బావ ఆ వాలులో పరుగెత్తుకొచ్చి, పడవ అంచు పట్టుకుని ఎగిరి కాలు మోపాడు.

"నేనెక్కకుండా విజిలేసిందెవరు?"

"నేనే. లోపలికి జరగండి" అంది అక్క. ఆయన చొక్కా పట్టుకుని మళ్లీ వదల్లేదు.

లోపల ఒక్కరూ మిగల్లేదని బావ పడవవాడికి చెప్పి, రైట్ అన్నాడు. అప్పుడు కూర్చున్నాడు. మా అక్క పక్కన ఆయన కూర్చోగా చూడడం నాకు ఆ ప్రయాణంలో అదే మొదలు.

ఒడ్డు చేరాం. అందరం దిగాం. బావ మాత్రం దిగకుండా వంగి బల్లల కింద చూస్తున్నాడు. అక్క ఈసారి నెత్తి కొట్టుకోలేదు. ఆ గొడుగు పట్టుకుని, ఆయన చూడడం అయ్యేదాకా నింపాదిగా నిలబడింది.