చక్రం కింది చెక్క

కాలువ మీది సిమెంటు పలక విరిగి ఏడు నెలలయింది. రోజూ పొద్దున ఆరింటికి చిన్నబ్బ టిఫిను బండి కుడిచక్రం సరిగ్గా ఆ పగులులోనే దిగబడుతుంది. సాంబారు గిన్నె ఒక పక్కకు జారుతుంది. చిత్తూరులో ఇన్ని వీధులున్నా బేరం మాత్రం ఆ పలక దగ్గరే ఉంది. అందుకని దాన్ని తిట్టి, దానికే దణ్ణం పెట్టి పని మొదలుపెడతాడు.

బండిని మోపెడ్ వెనక తగిలించి లాక్కొస్తాడు. కొక్కెం విప్పాలి, నాలుగు కాళ్లు దించాలి, చక్రం కింద తాడు కట్టిన చెక్క దూర్చాలి, గ్లాసుడు నీళ్లు పెట్టి బండి వాలిందేమో చూసుకోవాలి. పదకొండు నిమిషాలు. మిలిట్రీలో పదిహేడేళ్లు, లారీ వెనక తగిలించి లాక్కెళ్లే లాగుడు ఫిరంగి దగ్గర చేసిందీ ఇదే. అక్కడ ఎనిమిది మంది, ఇక్కడ ఒక్కడు. ఆ ఫిరంగి అతని కుడిచెవి తీసుకుని పింఛను ఇచ్చింది. ఎడమచెవి వదిలిపెట్టినందుకు దాని మీద ఇప్పటికీ కృతజ్ఞతే. ఇంట్లో భార్య దేవకమ్మను కుడివైపే కూర్చోబెట్టుకుంటాడు. కాపురం చల్లగా ఉంది.

పక్కనే మోహన్‌కృష్ణ టిఫిను వ్యాను. రెక్క ఎత్తి స్టవ్ ముట్టిస్తాడు. రెండు నిమిషాలు.

ఆ రోజు యోగానంద ఇడ్లీ తింటూ ఫోనులో యుద్ధం చూస్తున్నాడు. ఆయన సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. ఫైలు కదలడానికి మూడు నెలలు పట్టే బల్ల ముందు కూర్చుని, యుద్ధంలో వేగం ముఖ్యమంటాడు.

"సూడప్పా చిన్నబ్బా, ఇప్పుడంతా లారీ మీద ఫిరంగే. నిలబడాల, కొట్టాల, పోవాల. గుండు యాడ్నించి వచ్చిందో రాడారు పసిగట్టే లోపల మనం ఆడ ఉండకూడదు."

చిన్నబ్బ దోసె తిప్పి ఒప్పుకున్నాడు. తాము సర్దుకునే లోపల అవతలివాడు లెక్కగట్టి కొట్టేసేవాడని, అలా ఇద్దరు పోయారని చెప్పాడు. దోసె పళ్లెంలో వేసి అన్నాడు:

"అయితే లారీ సెడిపోతే ఫిరంగి గూడా షెడ్డుకే పోతాది సార్. మాదానికి ఇంకో లారీ తగిలిస్తే సాలు."

వీడియోలో అలా చెప్పలేదన్నాడు యోగానంద.

ఎనిమిదిన్నర దాటాక రోడ్డు మీద బండి కనిపిస్తే ఎత్తుకుపోతామని కార్పొరేషన్ వాళ్లు ముందురోజే చెప్పి వెళ్లారు. ఎత్తుకుపోయిన బండి తిరిగొచ్చిన దాఖలా ఆ వీధిలో లేదు. ఎనిమిదిన్నర అంటే తొమ్మిదిన్నర కదా అని ఇద్దరూ ధీమాగా ఉన్నారు. వాళ్ల లారీ ఎనిమిదిన్నరకే వచ్చింది.

అది మలుపులో పూలబండ్లు ఎత్తుతుండగా మోహన్‌కృష్ణ రెక్క దించి తాళంచెవి తిప్పాడు. వ్యాను 'టిక్' అని ఊరుకుంది. బ్యాటరీ. చిన్నబ్బ తన బండి వైపు చూశాడు. పదకొండు నిమిషాలు లేవు. స్టవ్ ఆర్పి, బండి వదిలేసి వ్యాను వెనక్కి నడిచాడు. తినేవాళ్లను లేపాడు, ఎవరు ఎక్కడ నిలబడాలో చూపించాడు. లెక్కపెడితే తనతో ఎనిమిది మంది.

"అందురూ ఒకేసారి. ఇప్పుడు తొయ్యండి."

యోగానంద చట్నీ చేత్తోనే తోశాడు. వ్యాను దగ్గి, పొగ వదిలి, బతికింది. అదే ఎనిమిది మందీ చిన్నబ్బ బండి మీద పడి కాళ్లెత్తి వ్యాను కొక్కేనికి తగిలించారు. ఒక్క నిమిషం పట్టింది.

మోహన్‌కృష్ణ కిటికీలోంచి తల బయటపెట్టి, "నీ మేలు మర్సిపోనన్నా, నువ్వూ ఎక్కు," అన్నాడు.

"పో అబ్బా. నేను సందులోంచి మోపెడ్ తెస్తా. ఎనిమిది మందిమి తోసి ఎన్నేళ్లయిపోయిండాదో."

లారీ వచ్చేసరికి అక్కడ ఒక చెక్క, గోడకానుకుని కూర్చున్న ఒక ముసలాయన మిగిలారు. రెండూ ఆక్రమణ కిందికి రావు. లారీ వెళ్లిపోయింది.

అరగంటకు మోహన్‌కృష్ణ తిరిగొచ్చాడు. చిన్నబ్బ అలాగే కూర్చుని ఉన్నాడు, ముఖంలో ఇంకా ఆ సంతోషంతోనే. పిలిస్తే పలకలేదు. కుడిచెవి వైపు నుంచి పిలిచానేమోనని అటు తిరిగి ఎడమ నుంచి కూడా పిలిచాడు.

పదమూడో రోజు కాలువ మీద కొత్త పలక వేశారు. ఇప్పుడు దేవకమ్మ దోసెలు పోస్తుంది. ఆమె బండిని రోజూ వ్యానే లాక్కొస్తుంది, ఎనిమిదింపావుకల్లా లాక్కుపోతుంది. కొక్కెం విప్పరు కాబట్టి బండి కదలదు. నేల సమంగా ఉంది కాబట్టి వాలదు. ఇక పనిలేని ఆ చెక్కను పారెయ్యడానికి మోహన్‌కృష్ణకు చెయ్యి రాదు. పూజలో పెట్టడానికి అదేం దేవుడు కాదంటుంది దేవకమ్మ. వీడియో ఏదైనా ఉందేమో చూస్తానన్నాడు యోగానంద.

అయ్యా, అమ్మా, మీలో తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి. ఒరగని బండికి ఈ చెక్క ఎక్కడ పెట్టాలి? ప్రస్తుతానికి మెడలో తాడుతో, ఒంటి మీద సాంబారు మరకతో, చక్రానికి జానెడు దూరంలో ఉంది.