మూల తెగిన అద్దం

కిటికీ అద్దం పగిలిందని టీచరమ్మ కబురు పెట్టింది. అద్దాల మేస్త్రి తన మరదలిని వెంటబెట్టుకుని వెళ్లాడు. కొలతలు తీయడం, అంచులు నూరడం ఆ అమ్మాయి పని.

పగులు కింద మొదలై సగం దాకా పాకింది. పైమూలలో మాత్రం బూజులా చిన్న గూడు. మరదలు బ్రష్ ఎత్తింది. సరిగ్గా అప్పుడే ఒక ఈగ వచ్చి గూటి మీద వాలింది, ఇక లేవలేకపోయింది.

"బావా, జిగురు ఉంటుందేమో!" అంటూ గూటి అంచును వేలితో తాకింది. వేలికి జిగురేమీ అంటలేదు. దూదిలా పొడిగా ఉంది. ఆ నూగులో ఈగ కాళ్లు చిక్కుకుపోయాయి.

మేస్త్రి జేబులోంచి భూతద్దం తీసి ఇచ్చాడు. గోధుమరంగు సాలీడు, మిరియపు గింజంత కూడా లేదు. ఈగ సంగతి చూసుకుని, మరదలి వేలు తగిలి పోగు తెగిన చోటికి వచ్చింది. వెనక కాలిని గబగబా ఆడిస్తూ, పట్టును దువ్వుతూ పోగు పరిచింది. కొత్త పోగు లేత నీలంగా మెరిసింది. పక్కనే మగసాలీడు, అదే గూట్లో కాపురం.

"కాలికి దువ్వెన ఉంది బావా! దీన్ని ఎలా చెరుపుతాం?"

"అద్దం మార్చకపోతే టీచరమ్మ ఊరుకుంటుందా?"

కాసేపు తల గోక్కున్నాడు. తర్వాత పాత అద్దానికి టేపు అంటించి, పైమూలను వదిలేసి, అద్దం కోసే వజ్రపు మొనతో ఏటవాలుగా గీత గీశాడు. ఊపిరి బిగబట్టి చిన్నగా తట్టాడు. మిగతా అద్దమంతా చేతిలోకి వచ్చింది. మూలముక్క చట్రంలోనే నిలిచింది. గూడు ఒక్కసారి వణికింది. సాలెపురుగులు రెండూ లోపలికి దూరాయి.

మరదలు కొత్త అద్దానికి అదే కొలతకు మూల కోసి నూరింది. మేస్త్రి దాన్ని మూలముక్కకు ఆనించి చట్రంలో బిగించాడు. అరగంట పని మధ్యాహ్నం దాకా సాగింది.

టీచరమ్మ వచ్చి చూసి మండిపడింది. "ఇదేం పనయ్యా? మూల తెగ్గొట్టి అతుకు వేశావేం?"

మేస్త్రి నోరు విప్పేలోపే మరదలు భూతద్దం ఆమె చేతిలో పెట్టింది. "ఒక్క నిమిషం చూడండమ్మా. నచ్చకపోతే మేమే మార్చేస్తాం."

టీచరమ్మ చూసింది. నిమిషం ఎప్పుడో దాటింది. సాలీడు మెల్లగా బయటికి వచ్చి మళ్లీ దువ్వడం మొదలుపెట్టింది.

"ఇన్నేళ్లు పాఠాలు చెప్పాను," అంది ఆమె నెమ్మదిగా, "నా కిటికీలో ఏముందో చూడలేదు." తర్వాత గొంతు సవరించుకుంది. "భూతద్దం రేపు ఇస్తాలే."