పాడె బొంగు మీద గులాబీ బూజు

ఆ వెదురు ముక్కను లెన్సు కింద పెట్టి చూశాను. ఆవగింజంత గులాబీ బూజు బొడిపెలు, కోసి చూస్తే ఒక్కో సిద్ధబీజానికి ఏడు అడ్డగోడలు, ఇది పుస్తకాల్లోని ఏ జాతికీ సరిపోదు, ఏ జాతికీ! నాన్ కొండల్లో మూడు వానాకాలాలు వెదురు పొదలన్నీ గాలిస్తే దొరికింది ఇదొక్కటే. కొత్త జాతికి పేరు నిలవాలంటే ఈ ముక్క ఎప్పటికీ చెడకుండా మా నమూనాల భాండాగారంలో ఉండాలి. నా డాక్టరేట్ మొత్తం దీని మీదే. వెంటనే నలభై డిగ్రీల వేడి పెట్టెలో ఆరబెట్టాను.

నాలుగో రోజు సాయంత్రం, నాకు అడవి దారి చూపించిన కొండ ఊరి ఇంతా మామ బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చాడు.

"శ్మశానంలోంచి ఏమన్నా తెచ్చావా, పిమ్?"

"పడున్న పాత బొంగు ముక్క, మామా. చిన్నదే."

"అది మీ అత్త పాడె బొంగు."

నేను లోపలి పెట్టె వైపు చూశాను.

"మా ఊళ్లో వాటిని ఎవరూ ముట్టరు. కుళ్లి మట్టైపోతేనే పోయినోళ్లకి సెలవు. ఇంకో వానాకాలమైతే వెళ్లిపోయేది. నాలుగు రోజులుగా పొద్దు వాలగానే వచ్చి వాకిట్లో కూర్చుంటోంది. ఒళ్లంతా ఎండిపోతోంది, నీళ్లియ్యి అంటది. బతికున్నప్పుడూ అంతేలే, అడిగిందే అడిగేది." నవ్వబోయి ఆగిపోయాడు. "ఇచ్చెయ్యమ్మా."

లోపలికి వెళ్లాను. పెట్టెలో దాని పక్కనే అంతే పొడవున్న ఇంకో ముక్క ఉంది, ఎక్కడైనా దొరికే నల్ల బూజుది. దాన్నే కాగితంలో చుట్టి తెచ్చాను. మామ రెండు చేతులా అందుకుని నుదుటికి ఆనించుకున్నాడు. అరిటాకులో కట్టిన జిగురన్నం నా చేతిలో పెట్టాడు.

"సన్నబడ్డావు. తిను."

మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు.

"ఈ రోజు రాలేదు, పిమ్. బొంగు దాని చోట పెట్టేశాను. వెళ్లిపోయినట్టుంది. నీ పుణ్యం."

"మంచిది, మామా" అన్నాను.

పెట్టె ఆపి ముక్కను కవరులో పెట్టి, చీటీ మీద జాతి పేరు రాశాను. నిల్వ కాలం దగ్గర 'శాశ్వతం' అని రాస్తుంటే వెనక కుర్చీ జరిగింది. గదిలో నేనొక్కదాన్నే.

తిరిగి చూడలేదు. చీటీ అతికించాను.